పెండ్లి ఛాయాచిత్రములు: కూర్పు, సహజత

ప్రాణహిత గోదావరిలో కలియు చోట, కాళేశ్వరమునకు ఎదుటి గట్టున నున్న సిరొంచలో మా పెండ్లిండ్లు రెండు భాషల నడుమ జరుగును. మేము అడ్డుతెర యనుదుము; పందిటిలోని మరాఠీ మిత్రులు దానినే అంతర్పాట్ అందురు. పేరు వేఱైనను పని యొక్కటే. ముహూర్తము వఱకు వధూవరుల నడుమ వస్త్రము నిలుచును, పిదప తొలగును. ఆ క్షణమును ఛాయాచిత్రముగా తీయవలసిన తీరును గూర్చియే యీ చిన్న విమర్శ. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి కచేరీలో గుమాస్తాగా బ్రదికిన వాడను, కళాశాస్త్రము నెఱుగను. మా యింటి ఆల్బములు నేర్పినంతయే చెప్పగలను.

నేటి ఫొటోగ్రాఫరులు తమ పనిని రెండు తెగలుగా చెప్పుదురు. మనుష్యులను వరుసగా నిలిపి తీయునది ఒకటి. ఎవరి పనిలో వారుండగా, వారెఱుగకుండ తీయునది రెండవది. దీనిని క్యాండిడ్ అందురు. రెండును కలిపి తీయుదుమని ఇప్పు డందఱును చెప్పుచున్నారు. కలుపుట మంచిదే. ఏ ఘట్టమున నేది తగుననునదియే ప్రశ్న.

నిలిపి తీయుట మొదట అవసరము వలన పుట్టినది. 1839లో దాగెర్ పద్ధతి వెలువడిన కాలమున పలకపై బొమ్మ పడుటకు చాలసేపు పట్టెడిది. తల కదలకుండ వెనుక ఇనుప ఆధారము నుంచెడివారు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) నాటికి పలకలు చురుకైనవి. అయినను నిశ్చలముగ కూర్చుండుట గౌరవచిహ్నముగ నిలిచిపోయినది. 1925లో లైకా వంటి చిన్న కెమెరా విపణికి వచ్చిన పిదప ఫొటోగ్రాఫరు జనము నడుమ తిరుగ గలిగెను. ఆన్రి కార్తియే-బ్రెస్సన్ 1952లో ప్రకటించిన గ్రంథముతో, కదలికలో అర్థము పండిన క్షణమును పట్టుటయే కళ యను భావము వ్యాపించెను.

మా యింట రెండు ఆల్బములు కలవు. 1984లో నా పెండ్లికి, గోదావరిపై వంతెన లేని రోజులలో, ఫొటోగ్రాఫరు పడవపై వచ్చి ఒక్క రీలు వాడెను. పండ్రెండు నలుపు తెలుపు బొమ్మలు. ఒక్కరి మోమునను నవ్వు లేదు. కాని నడిమి వరుసలో మా అమ్మ కొంగు నిండుగ కప్పుకొని, తీర్పరిని చూచినట్లు కెమెరాను చూచుచున్నది. ఆమె బొమ్మ మా కింకొకటి లేదు.

2016లో మా అమ్మాయి పెండ్లికి వేయికి పైగా తీసిరి. తలంబ్రాలు పోయునప్పటి ఆమె నవ్వు, అప్పగింతల వేళ స్తంభము చాటున నా భార్య కన్ను లొత్తుకొనుట — ఇవి అడిగి తీయించుకొన గలిగినవి కావు. వానిని తీసిన చేతికి నమస్కారము. కాని ఆ వేయింటిలో మా అన్నగారి భుజ మొకచోట, తలపాగ మఱియొకచోట కనబడును. ముఖ మెచ్చటను లేదు. ఆయన పందిటి మూల కుర్చీలో ఊరక కూర్చున్నవాడు. అట్టివాని వైపు క్యాండిడ్ కెమెరా తిరుగదు. మఱుసటి యేడు ఆయన పోయెను. దండ వేయుటకు ఫొటో లేక, ఆధార్ కార్డులోని బొమ్మను పెద్దది చేయించితిమి.

ఇక అడ్డుతెర. తెర తొలగినప్పుడు బంధువు లడ్డు నిలుచుటచే ఆ బొమ్మ తప్పెను. ఫొటోగ్రాఫరు కోరగా తెరను మఱల పట్టిరి, మఱల దించిరి. పిల్లలు మఱల చూచుకొనిరి. ఆ చిత్రమే ఆల్బమునకు మొదటి పుట. వెలుగు బాగున్నది, కూర్పు బాగున్నది. కాని మొదటి చూపులోని బెదురు అందు లేదు. చెప్పిన పని చేసిన తృప్తి మాత్రమున్నది. సహజమను పేర చెలామణి యగు కూర్పు ఇది. మా కచేరీ భాషలో, నకలుపై అసలు అని ముద్ర వేయుట. నిలిపి తీసిన పాత బొమ్మ, నిలిపి తీసితి నని ఒప్పుకొనును; అందు మోసము లేదు.

కనుక రెండు పద్ధతులను కలుపుటకు పెండ్లి తంతే దారి చూపును. సాక్షులుగా వచ్చిన వారి ఉనికిని తెలుపునది — పెద్దల వరుస, ఇరువైపుల కుటుంబములు — చెప్పి, నిలిపి, ప్రతి ముఖమును లెక్క పెట్టి తీయవలెను. ఇద్దఱి నడుమ జరుగునది — జీలకఱ్ఱ బెల్లము, బిందెలో ఉంగరము వెదకుట, అప్పగింతలు — దూరమున నుండి తీయవలెను, తప్పిపోయినచో పోనీయవలెను. తప్పిన బొమ్మ నష్టమే. మఱల చేయించిన ముహూర్తము అంతకంటె నష్టము.

వచ్చు వైశాఖమున మా చిన్నవాని పెండ్లి. కుదిరిన ఫొటోగ్రాఫరునకు పెద్దల పేర్ల పట్టీ వ్రాసి యిచ్చితిని. క్రింద రెండు మాటలు చేర్చితిని: ముహూర్తమునకు ముందు వీరి నందఱిని కూర్చుండబెట్టి తీయుడు; తెర తొలగు వేళ ఎవరిని ఏమియు నడుగకుడు.