సహార్థతృతీయయు విదేశయాత్రారచనలును

తండ్రి పుత్రునితో గూడ వచ్చెనను నర్థముగల వాక్యము వ్యాకరణ విద్యార్థులకు సుపరిచితము. సహశబ్దయోగమున అప్రధానమునకు తృతీయను విధించు పాణినిసూత్రమునకు కాశికావృత్తికారు లిచ్చిన యుదాహరణ మది. రాక యిరువురికిని సమానమే. అయినను తండ్రికి క్రియతోడి సంబంధము శబ్దముచే చెప్పబడుచున్నది, పుత్రునకది యూహ్యమగుచున్నది. అతని యప్రాధాన్య మింతమాత్రమే. వాక్యమున చెప్పబడకుండుట వేఱు, లోకమున లేకుండుట వేఱు. కుటుంబయాత్రలను వర్ణించు తెలుగు రచనలు తఱచుగా ఈ భేదమును మఱచుచున్నవి.

తెలుగున యాత్రావచనమునకు ఒరవడి యేనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రచరిత్ర. ఆయన 1830 మే 18న చెన్నపట్టణమునుండి బయలుదేరి, తిరుపతి మీదుగా కాశికేగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చెను. మజిలీలు, దారుల మంచిచెడ్డలు, జలవసతి, ఆయా సీమల యాచారములు శ్రద్ధతో వ్రాసెను. అది పెద్ద పరివారమును నడిపించు యజమానుని దృష్టి; ఆ గ్రంథమునకు తగినదే. దోషము ఒరవడిది కాదు, అనుకర్తలది.

నేడు తిరుపతి, చిత్తూరు ప్రాంతముల కుటుంబములు వేసవి సెలవులలో చెన్నపురినుండియో బెంగుళూరునుండియో విమానమెక్కి సింగపూరునకో లండనునకో పోవుచున్నవి. అట్టి యాత్రలను గూర్చిన వ్యాసములందు సౌధముల యెత్తును, ప్రవేశరుసుమును, భోజనపు వెలయు కనబడును. బిడ్డలు మాత్రము ‘పిల్లలతో వెళ్లితిమి’ అను తృతీయలో ఒకమారు కనబడి మాయమగుదురు. వేసవిలో లండను గడియారము మనకంటె నాలుగున్నర గంటలు వెనుకబడి యుండును. అచట రాత్రి 2 గంటలగునప్పుడు తిరుపతిలో ఉదయము 6:30. బిడ్డ యలవాటు చొప్పున మేల్కొనును, ఆకలి యనును, తల్లిదండ్రులను మేల్కొలుపును. ముగ్గురు బిడ్డలున్నచో మూడు వేళల మెలకువ తప్పదు. మఱునాటి కార్యక్రమము తలక్రిందులగును. మేల్కొనువాడు కర్త, మేల్కొలుపువాడు ప్రయోజకకర్త. ఆ రేయికి ఉభయవిధముల కర్తయైన బిడ్డను తృతీయలోనే యుంచిన రచయిత, కార్యమును చెప్పి కారణమును విడిచినవాడగుచున్నాడు.

ఇది శైలీవిచారము మాత్రమే యనరాదు. మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని, 1898లో జన్మించిన యతని తమ్ముడు నిత్యానందుని అనిబిసెంటమ్మ 1911లో ఇంగ్లండునకు తోడ్కొనిపోయెను. మదనపల్లె తాలూకా కడపనుండి విడివడి క్రొత్త చిత్తూరు జిల్లాలో చేరినదియు ఆ సంవత్సరముననే. తరువాత తండ్రి నారాయణయ్య తన కుమారులను తనకొప్పగింపవలెనని వ్యాజ్యము వేసెను. 1913లో మద్రాసు హైకోర్టు తండ్రికి అనుకూలముగా తీర్పు చెప్పెను. 1914లో ప్రీవీ కౌన్సిలు దానిని కొట్టివేసెను. బాలుర యభీష్టమును విచారింపకుండుటయు, వ్యాజ్యమున వారి పక్షమున ప్రతినిధి లేకుండుటయు ఆ తీర్పున పేర్కొనబడిన లోపములలోనివి. వాదమంతయు వారిని గూర్చియే. పలికినవారు మాత్రము పెద్దలే. సముద్రము దాటినవారు ఇచటను తృతీయయందే నిలిచిరి.

బాలుని చూపు అల్పవిషయములపై వ్రాలును, అది గ్రంథమునకు చాలదని కొంద ఱాక్షేపింతురు. నిజమే, ఒక రాజప్రాసాదము చరిత్రమును బాలుడు చెప్పజాలడు. కాని అది చరిత్రగ్రంథములందు ఇల్లు కదలకయే దొరకును. ఆ ప్రాసాదద్వారమున నిలువలేక చెల్లెలు కూర్చుండిపోగా, అన్న తన వంతు విడిచి యామెచెంత నిలిచిన సంగతి యే గ్రంథమునను దొరకదు. ఆ కుటుంబమే చెప్పవలెను.

పాఠశాలలలో యాత్రావ్యాసము వ్రాయించు పండితులు రచనను దిద్దునప్పుడు ‘తోడ’, ‘తో’ అను ప్రత్యయములకడ ఒక క్షణ మాగుట మేలు. ఆ ప్రత్యయము వెనుకనున్నవాని కొక్క క్రియయైనను రచనలో నున్నదా? లేనిచో వ్యాకరణమున దోషము లేదు. యాత్రలో సగము లేదు.