అంబాసిడర్ నాడి పట్టే చేతులు

శాతవాహనుల నాణేలు బయటపడ్డ కొండాపూర్ దారిలో పాత అంబాసిడర్ వెళ్తుంటే జనం ఇప్పటికీ తలతిప్పి చూస్తారు. 2014లో తయారీ ఆగిపోయిన బండి అది.

దాని 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ మొరాయిస్తే కంప్యూటర్ అక్కర్లేదు. పాతకాలం మెకానిక్ ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తాడు. పాయింట్లను ఉప్పుకాగితంతో రుద్ది గ్యాప్ సరిచేస్తాడు, ప్లగ్గుల మసి గీకుతాడు. కార్బురేటర్ జెట్‌లో చెత్త ఊదేసి, చెవితో వింటూనే ఐడ్లింగ్ కుదురుస్తాడు.

పల్లెల్లో అసలు శత్రువు దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ తరచూ శుభ్రం చేయాలి. కింగ్‌పిన్లకు గ్రీజు కొట్టకపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది.

ఆ సేవంతా అందితే వెడల్పాటి సీట్లో కూర్చుని పత్తిచేల మధ్య తాపీగా సాగిపోవచ్చు.

ఇంట్లో పాత కారుంటే ఇలాంటి మెకానిక్‌కే చూపించండి. పని నేర్చుకోవడానికి పక్కన ఓ కుర్రాణ్నీ నిలబెట్టండి.