నీడల పద్దు

పూర్వము మన పట్టణములలో ఇరుగుపొరుగుల నడుమ తగవు పుట్టుటకు ఉమ్మడి గోడయు, మురుగు కాలువయు, ప్రక్కవారి చెట్టునుండి మన వాకిట రాలిన ఆకులును కారణములుగా నుండెడివి. ఇటీవల వానితో నీడ కూడ చేరినది. మండువేసవిలో నడచి వచ్చువాడు వెదకి వెదకి నిలుచుండు ఆ నీడయే, డాబా మీద సౌరఫలకములు పరచుకొన్న గృహస్థునకు నెలాఖరున కరెంటు బిల్లుగా ప్రత్యక్షమగుచున్నది. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము సూర్యఘర్ పథకమును తెచ్చి, 3 కిలోవాట్ల ఏర్పాటునకు 78,000 రూపాయల సబ్సిడీ ఇయ్యదొడగిన పిమ్మట మా విజయవాడ వీధులలో ఒక మేడ తరువాత ఒక మేడపై నల్లని పలకలు లేచినవి. చెప్పుటకు మనసొప్పదు గాని, ఆ వెంటనే ఒక పెరటి తరువాత ఒక పెరటిలో చెట్లును కూలినవి. నరికించినవారు దుర్మార్గులు కారు. ఆ చెట్లకు నీళ్లు పోసి పెంచినవారే, రాలిన ఆకును విసుగులేక ఊడ్చుకొన్నవారే. వారికి నీడను గూర్చి చెప్పినవాడు తొందరలో నుండెను, అంతియే.

మా యింటికి కొలతలు తీయ వచ్చిన కుర్రవాడును అట్టివాడే. మెట్లగది దాటి డాబా మీదికి రాగానే, దక్షిణపు పిట్టగోడపైనుండి తొంగిచూచుచున్న మామిడికొమ్మలను చూపి, "బాబాయ్ గారూ, ముందు ఆ చెట్టు తీయించెయ్యండి. నీడ పడితే యూనిట్లు రావు" అనెను. అది నూజివీడునుండి తెచ్చి నాటిన చిన్నరసాల అంటు. "నీడ ఏ నెలలో పడుతుంది నాయనా, ఎన్ని గంటలకి?" అని నేనడుగగా, అతడొకసారి నేలవంక చూచి, "ఇప్పుడైతే లేదండీ" అని నవ్వెను. అప్పుడు వైశాఖమాసము. అతడు చెప్పినదానిలో అసత్యమేమియు లేదు. అయితే ఒక చెట్టు ప్రాణము తీయుటకు ఆ మాత్రపు సత్యము చాలదని నాకు తోచినది. చెట్టు కొట్టించుటకు పూటపని చాలును; నీడను గుర్తెరుగుటకు ఒక సంవత్సరము కావలెను. మన ఓపిక ఏ వైపు మొగ్గునో వేరుగ చెప్పనక్కరలేదు.

నీడ పడిన మేరకే నష్టము కలుగునని సామాన్యముగ తలతుము. పలకలో పదియవ వంతు కప్పబడినచో పదియవ వంతు విద్యుత్తు తగ్గవలెను గదా! సౌరఫలకము ఈ లెక్కకు లొంగదు. దానియందు ఒక్కొక్కటి రమారమి అర వోల్టు నిచ్చు కణములు, పాతరకపు పలకలలో 60 గాని 72 గాని, ఒకే శ్రేణిగా కూర్చబడి యుండును; శ్రేణి యంతటను ఒకే ప్రవాహము సాగవలసియుండుటచేత, అన్నిటిలో బలహీనమైన కణమునకు ఎంత శక్యమో తక్కినవియు అంతకే కట్టుబడవలెను. స్లాబు పోయునాడు కాంక్రీటు తట్టలు నేలనుండి మేడపైకి చేతులు మారుచు పోవు కూలీల వరుసను చూచినవారికి ఇది తేటగా తెలియును: నడుమ నొక్కడు చేయి దించెనా, పైవాడును క్రిందివాడును నిలిచిపోవలసినదే. పైగా నీడలోని కణము తాను పని మానుటతో పోనీయక, తక్కినవాని శక్తిని మ్రింగి వేడెక్కును. అట్లు పలుమారు జరిగిన చోట పలక కమిలిపోవును. ఈ యాపదను తప్పించుటకే పలక వెనుకనుండు చిన్న పెట్టెలో సాధారణముగ మూడు డయోడ్లు అమర్తురు. కణము మూతపడినప్పుడు, అది చేరిన మూడవ వంతును విడిచి ప్రవాహము ప్రక్కదారిని పోవును. కావున వానకు తడిసి అంటుకొన్న బాదమాకు ఒక్కటి ఒక కణమును నిండుగ కప్పినచో పోవునది ఆకంత విద్యుత్తు కాదు, పలకలో మూడవ వంతు.

ఇటీవలి పలకలలో కణములను సగమునకు కోసి, పైసగమును క్రిందిసగమును వేరువేరుగ పనిచేయునట్లు కూర్చుచున్నారు. పలకను నిలువుగ బిగించినప్పుడు పిట్టగోడ నీడ క్రిందిసగమును కమ్మినను పైసగము తన పని తాను చేసికొనిపోవును. బిగించువారు డాబాలో చోటునుబట్టి నిలువనియు అడ్డమనియు నిర్ణయింతురే గాని నీడ వచ్చు దిక్కునుబట్టి నిర్ణయించుట అరుదు; ఇంటియజమాని అడిగినగాని ఆ ప్రస్తావనయే రాదు.

ఇక నీడ యెప్పుడు ఎంత దూరము వచ్చునను విషయము. దీనికి మనవారు యంత్రములేమియు కోరలేదు. 12 అంగుళముల శంకువును సమతలమున నిలిపి దాని ఛాయను కొలిచి దిక్కులను, అక్షాంశమును, పొద్దును రాబట్టిరి. సూర్యసిద్ధాంతమున ఆ గణితమంతయు నున్నది. ఆ శంకువును విజయవాడలో ఒక డాబాపై నిలుపుదము. రాత్రింబవళ్లు సమముగనుండు దినమున మధ్యాహ్నపు ఛాయ ఉత్తరముగ మూడున్నర అంగుళములు. డిసెంబరు నెలలో సూర్యుడు దక్షిణపు కొసను ముట్టిననాడు రమారమి 10 అంగుళములు. జూనులో సూర్యుడు మన నడినెత్తిని దాటి ఉత్తరమునకు పోవును గనుక ఛాయ తిరుగబడి దక్షిణముగ ఒకటిన్నర అంగుళము మాత్రమే పడును. చెట్టును శంకువుగ తలచినచో చాలును, పద్దు సిద్ధమగును. డాబా మట్టమునకు పైగా 12 అడుగులు లేచిన మా మామిడి, ఏడాదిలో అతిదీర్ఘమైన మధ్యాహ్నచ్ఛాయ పడునాడు సైతము 10 అడుగులకు మించి రాలేదు. పలకల వరుసను పిట్టగోడ ప్రక్కనుండి తీసి డాబా ఉత్తరపు కొసకు జరుపగా ఆ తగవు తీరినది. కుర్రవాడు మరికొంత వైరు పట్టునని గొణిగెను, పట్టినది.

పంచాంగమును నమ్మినవారు ఇచ్చట కొంచెము జాగ్రత్తపడవలెను. మనకు ఉత్తరాయణము మకరసంక్రాంతినాడు, జనవరి 14 గాని 15 గాని. కాని సూర్యుడు నిజముగ ఉత్తరమునకు మరలునది డిసెంబరు 21, 22 తేదీలలో. అయనచలనమువలన శతాబ్దములు గడచినకొలది ఈ యెడము పెరిగినది. భోగిమంటలనాటికి నీడ అప్పుడే వెనుకకు తగ్గుచుండును. ఆనాడు గీత గీసికొన్నవారు మూడువారములు ఆలస్యముగ వచ్చినట్లు.

మధ్యాహ్నపు నీడకన్న ప్రొద్దుటి నీడ దుస్సాధ్యము. డిసెంబరులో తొమ్మిది గంటలవేళ సూర్యుడు ఆగ్నేయమున 30 డిగ్రీల ఎత్తుననే యుండుటచేత, అడుగు ఎత్తునకు అడుగు ముప్పాతిక నీడ సాగును. మా పొరుగింటి కొబ్బరిచెట్టు సరిగ ఆగ్నేయముననే యున్నది. మా డాబాకు 36 అడుగులు పైగా దాని తల. ఆ తలనీడ మార్గశిర పుష్యమాసములలో 9 మొదలు 11 వరకు మా ఆరు పలకలలో రెండింటిమీద ఈదులాడును. పొరుగింటి అమ్మగారు ఇది గమనించి, "అన్నయ్యగారూ, మీకు ఇబ్బందైతే రెండు మట్టలు కొట్టించమంటారా?" అని పిట్టగోడ అవతలినుండి అడిగిరి. "వద్దమ్మా, గెలలు పోతాయి" అంటిని. కొబ్బరికి పచ్చిమట్ట ప్రతిదాని మొదట ఒక గెల పుట్టవలసియున్నది. మట్ట తీసినచో ఆ గెలకు బలము తప్పును. మొవ్వు ఒక్కటే యగుటచేత తల కోసి పొట్టిచేయుటకును వీలులేదు; తల పోయినచో చెట్టే పోవును. అప్పుడు నేను కాగితము తీసి లెక్క వేసితిని. రెండు పలకలు రెండు గంటలు నీడలో నున్నచో రోజునకు పోవునది 1 యూనిటు, హెచ్చుగ 1.5, రెండు మాసములకు 90 మించదు. 3 కిలోవాట్ల పలకలు మన ప్రాంతమున ఏడాదికి 4,000 యూనిట్లకు పైగా నిచ్చును. ఆ 90 యూనిట్లకొరకు కాయలు కాయుచున్న చెట్టును, దానికన్న విలువైన పొరుగుసఖ్యమును తెగగొట్టుకొనువాడు లెక్కలు రానివాడు.

మామిడి సంగతి వేరు. అది కత్తిరింపునకు లొంగు చెట్టు, కాని దాని కాలము దానిది. నీడ కంట బడునది మార్గశిరమున. అప్పుడే కొమ్మ కొట్టించవలెనని మనసు తొందరపడును. అప్పుడు కొట్టించినచో రానున్న పూతను కొట్టించినట్లే. కాయ కోసిన పిమ్మట, తొలకరి పడిన ఆషాఢములోపల, నడిమి కొమ్మలను పలుచనచేసి, నిటారుగ లేచిన రెమ్మలను వంగిన చోటికి కోసి, కోతలకు బోర్డోపేస్టు పూయవలెను. ఆ మీద వచ్చిన చిగురు ముదిరి సంక్రాంతికి పూయును. అనగా నీడ రాకమునుపు అయిదు నెలలకే నీడకు మందు వేయవలెను. మునగకు ఈ నియమములేవియు లేవు. మోకాటి ఎత్తునకు కొట్టినను మరల లేచును. వేప మాఘఫాల్గుణములలో తానే ఆకు రాల్చి ఎండను విడుచును. ఆ రాలిన ఆకు పలకల క్రింది అంచున పేరుకొనకుండ చూచుకొన్నచో చాలును.

నీడలలోను చిక్కనిది, పలుచనిది యని భేదము కలదు. సూర్యబింబము ఆకసమున అర డిగ్రీ వెడల్పున కనబడుటచేత, ఏ వస్తువైనను తన వెడల్పునకు నూటపది రెట్లు దూరము దాటిన పిమ్మట చిక్కని నీడ వేయజాలదు. అంగుళము వెడల్పుగల వేపాకు పది అడుగుల దూరమునుండి మసక మాత్రమే పంపును. పలకను తాకుచు సాగిన కేబుల్ తీగ దానికన్న హెచ్చు హాని చేయును. డాబాలమీది నీళ్లట్యాంకును, మెట్లగదిని, డిష్ గొట్టమును ఎవరును తప్పుపట్టరు. అవి పండ్రెండు మాసములు చిక్కని నీడ వేయును, పండు నీయవు, గాలి నీయవు. నేను చూచిన డాబాలలో చెట్టుకన్న ట్యాంకు తినివేసిన యూనిట్లే హెచ్చు. ఎత్తైన స్టాండు వేసి పలకలను పైకి లేపుట ఒక యుపాయము. ఒక్కొక్క అడుగు లేపినకొలది హేమంతపు మధ్యాహ్నచ్ఛాయ పది అంగుళములు వెనుకకు పోవును. అయితే కోస్తాలో తుఫానుగాలిని మరువరాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఊపినది చూచినవారు స్టాండు కాళ్లను పిట్టగోడ ఇటుకలకు కాక స్లాబునకే బిగింపించుకొందురు.

పలక కొకటిగా చిన్న ఇన్వర్టరు గాని ఆప్టిమైజరు గాని అమర్చినచో నీడ బాధ లేదని అమ్మువారు చెప్పుదురు. వానివలన ఒక పలక నీడ తక్కిన పలకలను బాధింపకుండుట నిజమే; నీడలో ఎండను పుట్టించుట వానికి సాధ్యము కాదు. చెట్టునీడ నాలుగు దిక్కులనుండి ముక్కలుగ పడు డాబాకు అవి తగినవే. ఏడాదిలో రెండు మాసములు, దినమునకు రెండు గంటలు నీడ వచ్చు మావంటి చోట, డయోడ్లుగల పలకలును, నీడవేళ సరియైన వోల్టేజిని అంతటను వెదకు ఏర్పాటు గల మామూలు ఇన్వర్టరును చాలునని నా మతము. ఆ ఏర్పాటు ఉన్నదో లేదో అడిగి, ఉన్నచో తెరిపించుకొనవలెను.

పడమటి చెట్టు జోలికి మాత్రము ఎవరును పోరాదు. పలకల దినోత్పత్తిలో అధికభాగము తొమ్మిదికిని మూడింటికిని నడుమనే వచ్చును. నాలుగు దాటిన పిమ్మట పడమటి గానుగ గాని వేప గాని తీసికొనునది స్వల్పము. అదే వేళ పడకగది గోడపై పడు ఎండను ఆపి ఏసీకి అది మిగిల్చు కరెంటు అంతకన్న హెచ్చు కావచ్చును. నెట్ మీటరు మొదటిదానిని మాత్రమే చూపును గనుక రెండవది మనకు తెలియదు. అంతకును తీరనిచో, చెట్టు నరకుట స్వేచ్ఛాకార్యము కాదనియు, 2002 నాటి వాల్టా చట్టము రెండు తెలుగు రాష్ట్రములందును అనుమతి కోరుచున్నదనియు జ్ఞాపకముంచుకొనవలెను.

పాఠకులలో పలకలు పెట్టించుకొన దలచినవారికి ఒక్క మాట. డిసెంబరు 21, 22 తేదీలను గుర్తుంచుకొనుడు. ఆ రెండు దినములలో ఒకనాడు తొమ్మిదింటికి, పండ్రెండింటికి, మూడింటికి సుద్దముక్కతో డాబా ఎక్కి నీడ అంచు వెంబడి గీత గీయుడు. గీతలకు వెలుపల మిగిలిన చోటు ఎన్ని అడుగులో కొలిచి, కిలోవాటుకు 100 చదరపు అడుగుల చొప్పున లెక్కవేసికొనుడు. మబ్బు పట్టినచో మరునాడు ఎక్కుడు. వారము అటునిటైనను నీడలో భేదము కానరాదు. ఒప్పందము మీద సంతకము ఆ తరువాత పెట్టవచ్చును.