కొవ్వు లేని ముక్కే నిలుస్తుంది

మాంసం ఎండబెట్టడమంటే అందరూ ఎండ గురించే మాట్లాడతారు. అసలు పని కత్తి దగ్గరే సగం అయిపోతుంది. హైదరాబాద్ పాతబస్తీలో, యాకుత్‌పురాలో మా పక్కింటి ఖాలా బక్రీద్ మర్నాడు తొడ మాంసం ముందేసుకుని కూర్చున్నారంటే ఇక ఎవరితోనూ మాట్లాడరు. ముందు ఎముక నుంచి కండ విడదీస్తారు. కండ మీది తెల్లటి పొరను గోటితో పైకి లేపి, కింద కత్తి మొన దూర్చి, చిరగకుండా ఒక్క లాగు లాగుతారు. నరాలు, అక్కడక్కడా అంటుకున్న చర్బీ గింజంత కూడా ఉండనివ్వరు. ఎర్రటి కండ మాత్రమే మిగిలాక, పోగు ఎటు పారితే అటే పలచగా, జానెడు పొడుగున పర్చేలు కోస్తారు. పోగుకు అడ్డంగా కోస్తే తాడు మీద వేలాడదీసినప్పుడు ముక్క తెగి కింద పడుతుంది. “చర్బీ రహ్‌గయీ తో సూకా గోష్ బాస్ మార్తా, బేటా” అంటారు. కొవ్వు మిగిలిందా, ఎండుమాంసం కంపు కొడుతుంది.

ఆవిడ చెప్పేది అక్షరాలా నిజం. కొవ్వు తీసేసిన పచ్చి మాంసంలో దాదాపు ముప్పాతిక వంతు నీరే. మాంసాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతికేది ఆ నీటి మీద. ఉప్పు ఆ నీటిని బయటికి లాగుతుంది, మిగిలిన కాస్తా వాటికి అందకుండా పట్టి ఉంచుతుంది, ఆ తర్వాత ఎండ వచ్చి పని పూర్తి చేస్తుంది. కొవ్వు దగ్గర మాత్రం ఉప్పు పప్పులు ఉడకవు. గాలి, వెలుతురు తగిలేకొద్దీ కొవ్వు చెడి పాత నూనె వాసన పడుతుంది, ఎంత కడిగినా, ఎంత మసాలా దట్టించినా ఆ వాసన పోదు. బిర్యానీకి కొవ్వున్న ముక్క ఏరుకునే ఊరు మనది. దాచుకోవడానికి మాత్రం కొవ్వు లేనిదే కావాలి.

పర్చేలకు రాతి ఉప్పు నూరింది, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి రాత్రంతా మూత పెట్టి ఉంచుతారు. తెల్లారేసరికి గిన్నె అడుగున ఎర్రటి నీరు దిగి ఉంటుంది. దాన్ని పారబోయాలి, మళ్లీ ముక్కలకు పట్టించకూడదు. దబ్బనంతో సన్న తాడుకు గుచ్చి, ఒకదానికొకటి తగలకుండా ఎడం పెట్టి, డాబా మీద ఈ గోడ నుంచి ఆ గోడకు కడతారు. పైన పలచటి మల్మల్ గుడ్డ, తాడు రెండు కొసలకూ చీమలెక్కకుండా కిరసనాయిలు తడిపిన పేలిక. పాతబస్తీ ఆకాశంలో గద్దలకు కొదవలేదు కాబట్టి కర్ర పట్టుకుని ఒక పిల్లవాడు కాపలా ఉండాల్సిందే. పొద్దుగూకగానే లోపలికి తేవాలి, లేకపోతే రాత్రి చెమ్మ మళ్లీ పట్టేస్తుంది. ఎండిందో లేదో తేల్చేది చెయ్యే. వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి, విరిగిన చోట నడిమధ్య నల్లగా, తడిగా కనిపించకూడదు.

ఈ విద్యకు పెద్ద అడ్డంకి పండగ తేదీ. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది, అందుకే బక్రీద్ ఏటేటా ముందుకు జరుగుతూ వస్తుంది. 2019లో ఆగస్టు 12న, 2021లో జూలై 21న, 2023లో జూన్ 29న వచ్చింది. అన్నీ ముసురు రోజులే. కుర్బానీ మాంసంలో బంధువుల వాటా, పేదల వాటా పంచాక మిగిలిన ఇంటి వాటాను ఎండబెట్టే దారి లేక జనం ఫ్రీజర్లో పెట్టారు. అలా ఒక తరం పిల్లలకు తాడు కట్టడం తెలియకుండానే పోయింది. ఖాలా చేయి ఇందులో బాగా తిరిగింది 1990ల మధ్యలో, పండగ మే నెలలోనూ ఏప్రిల్‌లోనూ వచ్చిన ఏళ్లలో. ఫ్రిజ్‌లు కొద్ది ఇళ్లలోనే ఉన్న కాలం అది.

ఇది ఒక్క పాతబస్తీ సొత్తేం కాదు. తెలంగాణ పల్లెల్లో ఒట్టి తునకలు అన్నది ఇదే పని. ఒక్కసారిగా ఎక్కువ మాంసం చేతికొచ్చి, దాచే చోటు లేని ఇళ్లలో, ముఖ్యంగా దళిత వాడల్లో, ఆడవాళ్లు దండేల మీద ఆరేసి వానాకాలానికి దాచుకున్న తిండి. ఆ వాసనకు ముక్కు మూసుకున్నవాళ్లు అందులోని నేర్పును ఏనాడూ చూడలేదు. ఒక గృహిణి ఫ్రిజ్ లేకుండా, చేతి అంచనాతో మాంసాన్ని నెలల తరబడి నిలబెట్టిందంటే అది గౌరవించాల్సిన విద్య. ఆ మాట ఇన్నాళ్లకైనా గట్టిగా అనాలి.

సముద్రాల అవతల ఇదే సూత్రం పంది మాంసంతో నడుస్తుంది. మా వీధిలో అది హరామ్, వండరు. జర్మనీలో మాత్రం పంది వీపు వెంబడి ఉండే కొవ్వు తక్కువ కండను ఉప్పునీటిలో ఊరబెట్టి, పొగ పట్టించి కాస్లర్ అని అమ్ముతారు. ఇంటికి తెచ్చి సన్నని మంట మీద వండుకుంటారు. దాని గులాబీ రంగు ఉప్పుతో కలిపే నైట్రైట్ వల్ల వస్తుంది. పూర్వం ఆ పని సురేకారం చేసేది. మన ఆంగ్లో ఇండియన్ వంటల్లోని సాల్ట్ మీట్‌కూ పాత పద్ధతిలో సురేకారమే వేసేవారు. కాస్లర్ వండేవాళ్లు ఒక జాగ్రత్త తప్పక తీసుకుంటారు. ఉప్పు ముందే లోపల ఉంది కాబట్టి పైన చల్లరు, కొవ్వు తక్కువ కాబట్టి పెద్ద మంట పెట్టరు. పెడితే కండ బిగుసుకుని చెక్కలా అవుతుంది.

యాకుత్‌పురా వంటింట్లోనూ అదే జాగ్రత్త. ఎండు పర్చేలను గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తబడేదాకా సన్నని సెగ మీద ఉడికించాలి. తీసి, రోట్లో వేసి రెండు మూడు పోట్లు వేస్తే పోగులు విడిపోతాయి. అప్పుడు నూనెలో ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అందులో ఈ పోగులు వేసి అంచులు కరకరలాడేదాకా కలుపుతూ ఉండాలి. పక్కన కందిపప్పుతో చేసిన ఖట్టీ దాల్, వేడన్నం ఉంటే చాలు. గోంగూరలో వేసినా, వేసవిలో చింతచిగురుతో వండినా ఆ పులుపుకు ఇది బాగా అమరుతుంది. నన్నడిగితే చింతచిగురుకే నా ఓటు.

2026 నుంచి బక్రీద్ మళ్లీ ఎండాకాలంలోకి వచ్చింది. మే చివరి నుంచి మొదలై, 2032లో మార్చి దాకా ప్రతి ఏడాదీ ఎండల్లోనే వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు ఈ ఏళ్లలోనే వాళ్ల పక్కన కూర్చుని కోత నేర్చుకోండి. పండగతో సంబంధం లేనివాళ్లు కసాయి దుకాణంలో తొడ కండ, చర్బీ లేకుండా ఒక కిలో అడగండి. మబ్బు పట్టిన రోజున మొదలుపెట్టొద్దు. ముక్క జిగురుగా తగిలినా, వాసన మారినా మొహమాటం లేకుండా పారేయండి. వండేటప్పుడు మాత్రం రుచి చూశాకే ఉప్పు డబ్బా మీద చెయ్యి వేయండి.