నేలవేము చేదును నిగ్గుతేల్చిన పరీక్ష

హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలోనో, భిలాయి ఉక్కు నగరంలోనో బతుకుతున్న తెలుగువాళ్లు భుయినీం పేరు వినే ఉంటారు. అది మన నేలవేమే. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సేకరించే మూలికల్లో ఒకటి. ఆకు నమిలితే నోరంతా చేదెక్కించే పదార్థం ఆండ్రోగ్రాఫొలైడ్. కాలేయానికి మంచిదని పెద్దలు చెప్పే మాటలో నిజమెంతో తేల్చడానికి లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ పదార్థాన్నే విడదీసి పరీక్షకు పెట్టారు. 1993లో వెలువడిన ఆ అధ్యయనంలోని పనితనం చూస్తే ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

కాలేయాన్ని దెబ్బతీయడానికి విషంగా వాళ్లు ఎంచుకున్నది పారాసెటమాల్. మోతాదు మించితే అది కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. దాన్ని విరిచే గ్లూటాథయోన్ నిల్వ అడుగంటాక కణాలు చనిపోతాయి. ఎలుకలకు ఏడు రోజులు నోటి ద్వారా ఆండ్రోగ్రాఫొలైడ్ ఇచ్చారు. మోతాదు కిలో బరువుకు 0.75 నుంచి 12 మిల్లీగ్రాములు. తర్వాత పారాసెటమాల్ ఇచ్చి, కాలేయ కణాలను విడివిడిగా బయటికి తీసి చూశారు. మందు పనిచేసింది బతికున్న ఒంట్లో, లెక్క తేలింది ఒక్కో కణం దగ్గర. పరీక్షలోని అసలు నేర్పు ఇదే.

కణాలపై ట్రిపాన్ బ్లూ రంగు వేస్తారు. బతికున్న కణం పొర ఆ రంగును లోపలికి రానివ్వదు. చచ్చిన కణం నీలంగా మారిపోతుంది. సూక్ష్మదర్శిని కింద రంగు పట్టనివాటిని లెక్కపెడితే ఎన్ని బతికాయో తెలుస్తుంది. అంతటితో ఆగకుండా కణాలు ఆక్సిజన్ ఎంత పీల్చుకుంటున్నాయో కొలిచారు. రక్తంలోనూ, కణాల్లోనూ ఎంజైములు చూశారు. కాలేయాన్ని కాపాడే మందుగా అప్పటికే పేరున్న సిలిమారిన్‌తో పోల్చారు. మొత్తం మీద తేలింది ఇదీ: మోతాదు పెరిగేకొద్దీ రక్షణ పెరిగింది, సిలిమారిన్‌ కంటే ఇదే మిన్నగా నిలిచింది.

అయితే ఈ ఫలితం ఎలుకలది. విషం పడకముందే మందు ఇచ్చి సాధించినది. మనిషికి పారాసెటమాల్ విషం ఎక్కితే ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎన్-ఎసిటైల్‌సిస్టీన్. అందుకే కళ్లు పచ్చబడితే కషాయం కాస్తూ కూర్చోకండి. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. వాడుతున్న మూలికల పేర్లు కూడా దాచకుండా చెప్పండి.