ఫొటో చూసి చెప్పే మాట

ఎవరైనా తాము తీసిన ఫొటో చూపించి ఎలా ఉందని అడిగితే, మనలో చాలామంది ‘బాగుంది’ అని ఊరుకుంటాం. మొహమాటం లేనివాళ్లు ‘ఏదో తేడా కొడుతోంది’ అంటారు. రెండింటివల్లా తీసినవాళ్లకు ఒరిగేదేమీ లేదు. మళ్లీ కెమెరా పట్టినప్పుడు ఏం చేయాలో తెలిసేలా చెప్పినదే పనికొచ్చే విమర్శ.

1930లలో అమెరికా ప్రభుత్వం పల్లెల పేదరికాన్ని ఫొటోలు తీయించింది. ఆ పని చూసిన విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్ తనకు నచ్చని నెగటివ్‌లకు పంచ్‌తో చిల్లు పెట్టేవారు. ఫొటోగ్రాఫర్లు మొత్తుకున్నారు. ఆ చిల్లు ‘వద్దు’ అని మాత్రమే చెప్పింది, ఎందుకు వద్దో చెప్పలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఫొటోగ్రాఫర్ మైనర్ వైట్‌ది. 1952లో ‘అపెర్చర్’ ఫొటోగ్రఫీ పత్రికను స్థాపించినవారిలో ఆయన ఒకరు. ఫొటోను చదవడం నేర్పేటప్పుడు, ముందు మాట్లాడకుండా చాలాసేపు చూడమనేవారు. తొలిచూపులో కన్ను ముఖాల మీదికీ, వెలుగున్న చోటికీ పరుగెడుతుంది. కాసేపు ఆగితేనే అంచులూ మూలలూ వెనకున్నవీ కనబడతాయి.

ఒక బోనాల ఫొటో తీసుకుందాం. తలమీద బోనంతో ఒకావిడ నడిచొస్తోంది. ముందు కనిపిస్తున్నది చెప్పాలి: ‘దీపం వెలుగు కుండకు పూసిన పసుపు మీద మెరుస్తోంది. వేపరెమ్మలు స్పష్టంగా ఉన్నాయి.’ తాను చూపదలచింది ఎదుటివారికి అందిందో లేదో తీసినవారికి అక్కడే తెలిసిపోతుంది. తర్వాత ‘మీరేం చూపిద్దామనుకున్నారు?’ అని అడగాలి. జనం సందడే కావాలంటే సలహా వేరు. ఆమె ముఖంలోని భక్తి కావాలంటే ఇలా చెప్పొచ్చు: ‘బోనానికి కుడివైపు వెనకగోడ మీద ట్యూబ్‌లైటు ఉంది. చూపు అక్కడికే పోతోంది. మీరు ఒక అడుగు ఎడమకు జరిగుంటే అది బోనం చాటుకు పోయేది.’ ఇందులో మనిషి మీద ఒక్క మాట లేదు. అంతా ఫొటో గురించే.

అప్పటికే తీసిన ఫొటోకూ కొంత చికిత్స ఉంది. రెండు అట్టముక్కలను ‘ఎల్’ ఆకారంలో కత్తిరించి, ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి జరుపుతూ చూస్తే ఎంత మేర అవసరమో తేలుతుంది. ఫ్రేమును కత్తిరించడం అసలే ఇష్టపడని ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే బ్రెసాన్‌కు కూడా, 1932లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక నీటిగుంట మీంచి దూకుతున్న మనిషి ఫొటోను కత్తిరించక తప్పలేదు. ఎడమపక్క అడ్డొచ్చిన కంచె చెక్కను అలా తీసేశారు. కూర్పు కుదిరిందో లేదో తేల్చుకోవడానికి ఆయన ఫొటోలను తలకిందులుగా పెట్టి చూసేవారు. అప్పుడు కథ పక్కకు తప్పుకుని, వెలుగునీడల తూకం బయటపడుతుంది.

ఇంత ఓపిక ఎందుకంటే, తీసిన మనిషికి తన ఫొటోలో ఆనాటి ఎండా, చప్పుడూ, పడిన శ్రమా అన్నీ గుర్తొస్తాయి. చూసేవాళ్లకు ఆ నాలుగు అంచుల మధ్య ఉన్నదే ఉంటుంది. ఆ తేడాను గౌరవంగా చూపించగలిగినవారే తీసినవారికి నిజమైన తోడు. పదిమంది ఫొటోలను ఇలా చూడటం అలవాటైనవారు, తమ ఫొటో తీసేటప్పుడు బటన్ నొక్కకముందే అంచులు చూసుకుంటారు.