కోలకు తగిన లైను

స్కాట్లండు ఉత్తరభాగమున, చిన్న స్పే సరస్సులో పుట్టి మోరే ఫర్తు అను సముద్రపాయవఱకు పరుగెత్తు స్పే నదిలో నడుములోతున నిలిచి, 15 అడుగుల కోలను రెండు చేతులబట్టి, వెనుక చెట్లు క్రమ్ముకొనియున్నను, ప్రక్కనుండి గాలి కొట్టుచున్నను, ముప్పది గజముల కావల తాను కోరిన మడుగు అంచున ఈకల యీగను అలవోకగా వాల్చు వేటగానిని చూచినవారికి, ఆ విద్యయంతయు అతని భుజములలోనే యున్నదని తోచుట సహజము. భుజముల నేర్పును నేను తక్కువచేయను. కాని, ఆ నేర్పు పండుటకును ఎండిపోవుటకును కారణమైన నిర్ణయమొకటి అతడు నీటిలో కాలుపెట్టక మునుపే జరిగిపోయినది: ఏ కోలకు ఏ లైను కట్టవలెనను నిర్ణయము. ఇది తెలిసినవాని చేతిలో నడివయసు దాటిన కోల కూడ పడుచుదనము తెచ్చుకొనును. ఇది తెలియనివాని చేతిలో వేల రూపాయల కోల వట్టి కఱ్ఱ.

మన చెఱువుగట్లమీది గాలమునకు సీసపుగుండు బరువు. ఆ గుండు ముందు పోవును, దారము దానివెంట పోవును. ఈగగాలములో వ్యవహారము తలక్రిందులు. రెండు మూడు ఈకలును, కొంత బొచ్చును, పట్టుదారమును చుట్టి కట్టిన ఈగకు లెక్కింపదగిన బరువులేదు. కావున బరువంతయు లైనులోనే యుండవలెను. ఆ లైను కోలను వంచవలెను, వంగిన కోల తిరిగి నిలువగోరుచు లైనును విసరవలెను, విసరబడిన లైను మడతవిప్పుకొనుచు పోయి చివరి కొసన ఈగను నీటిమీద దించవలెను. ఇందులో కోల యొక సగము, లైను మఱియొక సగము. ఒకదానిని విడిచి రెండవదానిని మెచ్చుకొనుట అజ్ఞానమే.

స్పే నదికి ఒడ్డులు నిటారు, వెనుక చెట్లు దట్టము, నీరు వెడల్పు, వడి అధికము. తలపైనుండి వెనుకకు లైనును చాచి ముందుకు విసరు మామూలు పద్ధతి అచ్చట సాగలేదు. ఆ అవసరమునుండియే, పందొమ్మిదవ శతాబ్దిలో, లైనును వెనుకకు చాపకయే ముందుకు విసరు యుక్తి పుట్టినదని, నది పేరే దానికి స్పే విసురని నిలిచినదని పెద్దలందురు. హికరీ కఱ్ఱతో మొదలై, దక్షిణ అమెరికాలోని గయానా అడవుల గ్రీన్‌హార్టు కఱ్ఱకును, అటుపిమ్మట చీనా వెదురును చీల్చి అతికిన కోలలకును, 1970 తరువాత కార్బను నారకును ఈ విద్య చేతులు మారినది. లైను గుఱ్ఱపువెండ్రుకలనుండి నూనెపట్టించిన పట్టుకును, పట్టునుండి ప్లాస్టికు పూతకును మారినది. చరిత్ర యింతమాత్రము చాలును. నాకు చెప్పవలెనని యున్నది చేతిపని.

ఏకస్పే యని పిలువదగిన తొలిపాఠమును నిదానముగా చూడుడు. లైను ప్రవాహమువెంట దిగువకు నిలువుగా వ్రేలాడుచున్నది. వేటగాడు కోలకొనను నీటికి తాకునంతగా దించి, వదులంతయు పోయినపిదప, తొందరలేక కంటి యెత్తువఱకు లేపును. లేపిన కోలను ఎగువవైపునకు త్రిప్పును. ఈగ నీరు విడిచి గాలిలో తేలివచ్చి, తన ప్రక్కను, కోలపొడవంత దూరమున, ఎగువదిక్కున దిగును. దిగునది ఈగయు, దానిని లైనుకు కలుపు సన్నని దారమగు లీడరును, లైను కొసయు మాత్రమే, దీనిని లంగరందురు. ఆ క్షణమున తక్కిన లైను కోలవెనుక ఉబ్బి ఆంగ్లపు డి అక్షరము నాకారమును దాల్చును. అప్పుడు పైచేయి ఇరుసుగా నిలిచి, క్రిందిచేయి కోలమొదలును ఱొమ్మువైపు లాగగానే, లంగరు నీటినుండి చిన్న సవ్వడితో ఊడి, ఇఱుకైన మడతయొకటి నదిమీదుగా పరుగిడును. ఎగువకు వీచు గాలికి ఇది తగినది. దిగువకు వీచు గాలిలో లంగరును దిగువప్రక్కన దింపు ద్విస్పే చేయవలెను, లేనిచో గాలము చెవికో మెడకో తగులును. ఈ చలనమునందు ఎక్కడను బలప్రయోగము లేదు. బలము కావలసివచ్చినదన్నచో లైను తప్పు అని అనుమానింపవలెను.

ఈ పొందికను అందఱికంటె లోతుగా గ్రహించినవాడు అలెగ్జాండరు గ్రాంటు. అతడు ఇన్వర్నెస్ నగరమున ఫిడేలులు చేసినవాడు, ఫిడేలు వాయించినవాడు. నెస్ నది మాంత్రికుడని లోకము అతనిని పిలిచెను. కోలయొక్క ప్రతిభాగమును ఒకే రీతిని కంపించునట్లు సన్నము చేయవలెనను తన సిద్ధాంతమును కఱ్ఱలో చెక్కి చూపి, 1894లో దానికి పేటెంటు పొందెను. లోహపు గొట్టములతో ముక్కలను కలిపినచో కంపము తెగునని, కఱ్ఱను ఏటవాలుగా కోసి, తోలుపట్టీలతో చుట్టి కట్టు అతుకును వాడెను. 21 అడుగుల కోలతో, చేతిలో దాచుకొన్న లైనును పిసరైనను వదలక, 65 గజముల దూరము విసరెనన్న అతని ఘనకార్యమును తలచినపుడెల్ల నాకు ఒడలు గగుర్పొడుచును. వాద్యము చేయువాడు గనుక అతనికి రహస్యము చిక్కినది: కోల వీణయైనచో లైను దాని తంత్రి, బిగువు కుదరక శ్రుతి లేదు, శ్రుతి లేక పాట లేదు.

ఇక అంకెల సంగతి. పూర్వము పట్టులైనులకు ఆంగ్లాక్షరములే గుర్తులు. అక్షరము లైను మందమును తెల్పెడిది. క్రొత్త పదార్థములు వచ్చినపిదప మందమొకటియైనను బరువు వేఱగుటచే ఆ అక్షరములు వ్యర్థములాయెను. అందుచే 1961లో అమెరికా ఉత్పత్తిదారులు లైనుయొక్క మొదటి 30 అడుగులను గ్రెయినులలో తూచి నంబరునిచ్చు పద్ధతిని నెలకొల్పిరి. ఆ లెక్కను 10వ నంబరనగా 280 గ్రెయినులు, సుమారు 18 గ్రాములు. ఒంటిచేతి కోలకు ఇది చాలును. కాని రెండుచేతుల కోల కదల్చునది 30 అడుగులను కాదు. 40, 50, 60, 70 అడుగులను. అందుకై ఈ శతాబ్ది మొదటి యేండ్లలో స్పే లైనులకు ప్రత్యేకమైన పట్టిక ఏర్పడినది. దానిప్రకారము అదే 10వ నంబరుకు 40 అడుగుల హెడ్డు, అనగా లైను ముందుండు బరువైన భాగము, 510 గ్రెయినులు, 50 అడుగులది 680, 60 అడుగులది 720, 70 అడుగులది 860 తూగవలెను. కోలమీద పది, లైను పెట్టెమీద పది అని యున్నది గదా యని నమ్మినవానికి 18 గ్రాములు మొదలు 56 గ్రాముల వఱకు ఎంతటి బరువునైనను అంటగట్టవచ్చునన్నమాట! నంబరు పేరు మాత్రమే. పేరుతో ఈగ ఎగురదు.

అట్లయిన కుదిర్చెడి దెట్లు? మూడు సంగతులను కలిపి చూడవలెను: బరువు, పొడవు, బరువు పంపకము. బరువు మించినచో కోల మొదలంట వంగి మందగించును, కోలకొన క్రుంగి మడత వెడల్పగును, లైను నదిమధ్యనే కూలును. బరువు చాలనిచో కోల నిద్రలేవదు. వేటగాడు పైచేతితో త్రోయనారంభించును, ఆ త్రోపుడే వ్యసనమై విద్యను చెఱచును. తలపైనుండి విసరునపుడు హెడ్డంతయు గాలిలో నుండి కోలను లాగును గనుక తక్కువ బరువు చాలును; స్పే విసురులో కొంతభాగము నీటిమీద లంగరై యుండుటచే అదే కోలకు హెచ్చు బరువు కావలెను. ఒక్క కోలకు రెండు లైనులు సరియగుటలో వింత లేదు.

పొడవునకు కోలపొడవే కొలబద్ద. స్కాండినేవియా పద్ధతి హెడ్డు కోలకు రెండున్నర మొదలు మూడు రెట్లుండవలెను. అమెరికాలోని స్కాజిట్ పద్ధతి హెడ్డు రెండు రెట్లకు మించరాదు. పాత స్పే పద్ధతి దీర్ఘపు లైను నాలుగు మొదలు అయిదు రెట్లవఱకు పోవును. హద్దు మీఱి పొడవైనచో ఎత్తుటకు కోల అందదు, లైను నీటికి అతుకుకొనిపోవును; కుఱుచయైనచో లంగరు నీటినుండి ముందే ఊడి, వెనుకనున్న పొదలో గాలము చిక్కును. ఇక పంపకము: బరువు వెనుకభాగమున గుమికూడినచో వడి కలుగును, ముందుకు పొడవుగా సన్నగిల్లినచో ఈగ సద్దులేక వ్రాలును. కొనకు వంగు కోలకు పొట్టి హెడ్డును, మొదలువఱకు వంగు కోలకు దీర్ఘపు లైనును ఇచ్చుట సామాన్య సూత్రము. కాని తుదితీర్పు చేతిది.

ఆ తీర్పెట్లుండునో స్పే యొడ్డున ఒక వృద్ధ గిల్లీ చేతిలో చూచితిని. అచ్చట నదిని కాచుచు, అతిథులకు వేట చూపువారిని గిల్లీలందురు. అతిథి కోలకు హెడ్డు బరువైనది. వృద్ధుడు నంబరును చూడలేదు, తక్కెడను కోరలేదు. రెండు విసరులు విసరి, కోల ఎచ్చట వంగుచున్నదో అరచేతితో విని, హెడ్డు వెనుకకొసను ఆఱంగుళములు కోసెను. మరల విసరెను, మడత ఇంకను వెడల్పే. మరల ఆఱంగుళములు. ముందుకొసను మాత్రము తాకలేదు, ఏలయన ఈగను మెల్లగా దింపునది అదియే. కొన్ని కోతల పిమ్మట విసరిన లైను ఒక్కసారిగా ఇఱుకైన మడతతో పోయి, హెడ్డు వెనుకనుండు సన్నని రన్నింగు లైనును రీలునుండి గుంజెను. వృద్ధుడు కొసను మడచి, ఉచ్చుగా పోసి, దారముతో గట్టిగా చుట్టి, కోలను అతిథి చేతికిచ్చెను. అంతవఱకు కూలిపోవుచుండిన అతిథి విసరు, ఆ మొదటి ప్రయత్నముననే నిటారుగా నిలిచినది. ఏ కర్మాగారమును ఈ పని చేయజాలదు.

నవీన పద్ధతులను నిందించుట నా యుద్దేశము కాదు. స్వీడను దేశీయుడు యోరాన్ ఆండర్సన్ క్రిందిచేతికి పట్టాభిషేకము చేసి, పొట్టి హెడ్డుతో, పొడవైన లీడరుతో, చెట్లక్రింద చేయు విసురును శాస్త్రమునకు ఎక్కించెను. అతని చేతి పొదుపు చూచి నేర్వదగినది. అమెరికాలో వాషింగ్టను రాష్ట్రపు స్కాజిట్ నదిమీద ఎడ్ వార్డు మొదలగువారు, శీతకాలపు లోతునీటికి బరువైన మునుగు కొసలను, పెద్ద ఈగలను మోసికొనిపోగల పొట్టి, లావుపాటి హెడ్డును కల్పించిరి. ఆ పనికి దానికి సాటి లేదు. అయినను, నా పక్షపాతమును దాచను: దీర్ఘపు లైనే ఈ విద్యకు తల్లి. దానిని విసరువాడు ప్రతి విసరుకును మునుపు గజములకొలది లైనును చేతితో లాగి చుట్టనక్కఱలేదు. ఎత్తును, త్రిప్పును, విసరును, అడుగు ముందుకు వేయును. మడుగు చివరి వఱకు ఆ లయ తెగదు. లైను నీటిమీద వ్రాలినపిదప, ప్రవాహము దానిని విల్లుగా వంచి ఈగను ఈడ్చుకొనిపోవుచుండ, కోలకొనతో ఆ వంపును ఎగువకు మళ్ళించుటకు లావుపాటి లైను కోలకు అందుబాటులో నుండవలెను. సన్నని రన్నింగు లైనుతో దూరమున నున్న హెడ్డును మళ్ళింపలేము. స్కాట్లండులోని డీ నదిమీద కెయిర్న్‌టన్ వద్ద ఆర్థరు వుడ్ జిడ్డుపూసిన లైనుతో సాధించిన విజయములన్నియు ఈ మళ్ళింపు ఫలములే. ఆంగ్లదేశమున హ్యూ ఫాల్కస్ తన గ్రంథములలోను శిష్యులముందరను వాదించినది కూడ ఈ పూర్తిలైను క్రమశిక్షణ కొఱకే. దూరమొక్కటే వేట కాదు. వాలిన ఈగను ఏలుటయు వేటయే.

ఇట్టి విద్యకు నేడు పట్టిన దుర్గతిని చెప్పుటకు నోరు రాకున్నది. కోల, రీలు, లైను, లీడరు అన్నియు ఒక్క పెట్టెలో పెట్టి, సరిపోలిన జతయని పైన అచ్చువేసి అమ్ముచున్నారు. నేను కొన్న అట్టి పెట్టెయొకటి విప్పి తూచినపుడు, 10వ నంబరు రెండుచేతుల కోలతో కూర్చినది ఒంటిచేతి కోలకు చాలునంతటి లైను. దానిపై హెడ్డు పొడవు లేదు, బరువు లేదు. మెఱుగులు మాత్రము కలవు. ఇట్టిదానితో క్రొత్తవాడు దినమంతయు నీటిలో పెనగులాడి, తనకు చేతకాదని తలచి, కోలను అటకెక్కించును. తప్పు అతనిది కాదు; అతనికి విద్యను అమ్మినట్లు నటించి అట్టపెట్టెను అమ్మినవారిది. మఱియొకవైపు దీర్ఘపు లైనులు అంగళ్ళనుండి ఒక్కొక్కటిగా తప్పుకొనుచున్నవి. సులభముగా అమ్ముడుపోవు పొట్టిహెడ్డులే అరలను నింపుచున్నవి. పొట్టిహెడ్డుతోనే మొదలిడి దానితోనే ముగించువాడు, లైను నెత్తుటలోని ఓర్పును ఎన్నడు నేర్చును?

దీనికితోడు సాల్మను చేపయే సన్నగిల్లుచున్నది. స్కాట్లండులో 1952 నుండి ఉంచిన లెక్కలలో, గాలమునకు చిక్కిన సాల్మనుల సంఖ్య 2023లో అన్నిటికంటె తక్కువకు దిగజాఱినది. నేడు ఆ నదులమీద పట్టిన చేపలలో దాదాపు అన్నిటిని మరల నీటికే విడిచిపెట్టుచున్నారు. ఇది యుచితము. కాని చేప అరుదైనకొలది, దానికై నదికి పోవువానికి మిగులు ఆనందము విసరులోనే యున్నది. ఆ విసరును కూడ చెఱచినచో ఇక మిగులునదేమి?

కావున నా విన్నపములు మూడు. లైను చేయువారలారా, పెట్టెమీద నంబరుతోబాటు హెడ్డు పొడవును, బరువును గ్రాములలోనో గ్రెయినులలోనో తప్పక అచ్చువేయుడు; కోల చేయువారును అది మోయు కనిష్ఠ గరిష్ఠ భారములను పిడిపైన వ్రాయుడు. మీలో కొందఱు ఇప్పటికే ఇట్లు చేయుచున్నారు. అందఱును చేయుటకు అడ్డేమి? అమ్మువారలారా, కొనువానిని నీటియొడ్డునకు తీసికొనిపోయి, రెండు మూడు లైనులను కట్టి విసరనిచ్చి, ఆపైన రొక్కము పుచ్చుకొనుడు. నేర్చుకొనువారలారా, నంబరును నమ్మకుడు, తక్కెడను కొనుడు, కత్తిని పదును చేసికొనుడు, అన్నిటికంటె ముందు చేయి తిరిగిన గిల్లీ ప్రక్కన ఒక ఋతువు నిలువుడు. ఆ వృద్ధుల అరచేతులలో నున్నది ఏ పట్టికలోను లేదు. వారుండగనే దానిని పుచ్చుకొనవలసిన బాధ్యత మనది.